మేడ మీద ముగ్గురు

"మేడ మీద మీరు ముగ్గురూ రోజంతా ఏం చేస్తారండీ?" అని జయదేవ్ అడిగినప్పుడు అతని గొంతులో కోపం లేదు. నిజంగానే తెలియక అడిగాడు. అందుకే ఆ ప్రశ్న మనోజ్ఞకి గట్టిగా తగిలింది.

ఎర్రకల్లం కారం, పచ్చళ్ల కంపెనీ గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే రోడ్డు పక్కన ఉంది. ముందు ఆఫీసు, దాని వెనక కారం మిల్లు, ఆ వెనక ప్యాకింగు షెడ్డు. షెడ్డు మీద ఒక పొడవాటి గది. కంపెనీ పెట్టిన జానకిరామయ్యగారికి ఆ గదంటే ఇష్టం. ఇరవై రెండేళ్ల కిందట ఊళ్లలో గోడల మీద పత్తి విత్తనాల ప్రకటనలు రాసుకునే అనీస్‌ని పిలిపించి, "నా ప్యాకెట్టు మీద నీ అక్షరం ఉండాలి" అని ఆ గదిలో కూర్చోబెట్టింది ఆయనే. మనోజ్ఞ వచ్చిన తీరు వేరు. ఆమె నరసరావుపేటలో ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేది. ఒకసారి ఎర్రకల్లం ప్యాకెట్టు వెనక మూడు అక్షర దోషాలు కనిపిస్తే కంపెనీకి ఉత్తరం రాసింది. వారం తర్వాత జానకిరామయ్యగారు ఫోన్ చేసి, "ఆ తప్పులు మీరే వచ్చి దిద్దండమ్మా" అన్నారు. అది పదకొండేళ్ల కిందటి మాట. అప్పటి నుంచి ప్యాకెట్ల మీద, బోర్డుల మీద కనిపించే ప్రతి మాటా ఆమెదే. మూడేళ్ల కిందట ఫోటోలకీ వీడియోలకీ ఫిజా చేరింది. చిలకలూరిపేట పిల్ల, ఇరవై నాలుగేళ్లు.

జానకిరామయ్యగారు పోయి రెండేళ్లయింది. కొడుకు జయదేవ్ బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానుకుని వచ్చి కంపెనీ చూసుకుంటున్నాడు. పద్ధతైన మనిషి. ఎవరినీ ఏకవచనంతో పిలవడు.

"ప్యాకెట్లు, బోర్డులు, ప్రకటనలూ అన్నీ మేమే చేస్తాం సార్," అంది మనోజ్ఞ.

"అది తెలుసండీ. అవి మీ దగ్గర్నుంచి ఎలా వస్తాయో తెలియదు. ఒక్క పేరు రాయడానికి మూడు వారాలు ఎందుకు పడుతుందో తెలియదు. తప్పుగా అనుకోకండి. నాన్నగారికి తెలుసు, ఆయన రోజూ పైకొచ్చి చూసేవారు. నాకూ చూపించండి."

ఆ చివరి మాట పట్టుకుని మనోజ్ఞ రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు ఆరు భాగాల వీడియో సిరీస్ ఒకటి చేస్తామని కాగితం మీద రాసుకెళ్లి జయదేవ్ ముందు పెట్టింది. ఒక ప్యాకెట్టు మీదికి పేరు ఎలా వస్తుంది, రంగు ఎలా వస్తుంది, మాట ఎలా వస్తుంది, ఇలా ఒక్కో భాగంలో ఒక్కో పని. దుకాణాల వాళ్లు చూస్తారు, కొనేవాళ్లు చూస్తారు. అన్నిటికన్నా ముందు జయదేవ్ చూస్తాడు. ఆ చివరి సంగతి మాత్రం ఆమె కాగితం మీద రాయలేదు.

"మంచి ఐడియా," అన్నాడు జయదేవ్. "కానీ ఏదీ దాచకండి. ప్రతి స్టెప్పూ చూపించండి. అప్పుడే జనం నమ్ముతారు."

మేడ మీద ఈ కబురు చెప్పగానే ఫిజా ఎగిరి గంతేసినంత పని చేసింది. సిరీస్‌కి 'మేడ మీద' అని పేరు కూడా అప్పుడే పెట్టేసింది. అనీస్ మాత్రం కుంచె తుడుచుకుంటూ ఉండిపోయాడు. యాభై నాలుగేళ్ల మనిషి, మితంగా మాట్లాడతాడు.

"పని చేస్తే చాలదా అమ్మా? పని చేస్తున్నామని వేరే చూపించాలా?" అన్నాడు.

"చూపించకపోతే ఇక్కడ పనే లేదనుకుంటున్నారండీ, అనీస్ గారూ."

ఆయన మళ్లీ కుంచె తుడుచుకోవడంలో పడ్డాడు.

మొదటి భాగానికి ఆ నెలలో రావాల్సిన పండుమిర్చి పచ్చడి సీసా తీసుకున్నారు. దాని మీద పేరు అనీస్ రాస్తుంటే బల్ల మీదికి కెమెరా వంచి తీయాలని ఫిజా ప్లాను. అనీస్ మొదటి రోజు వెలుతురు బాగాలేదన్నాడు. రెండో రోజు కాగితం మంచిది కాదన్నాడు. మూడో రోజు సెలవు పెట్టాడు. "చాచాకి కెమెరా అంటే సిగ్గక్కా" అని నవ్వింది ఫిజా. అయిదో రోజు ఆయనే వచ్చి కూర్చుని, "కానివ్వమ్మా" అన్నాడు. గంటసేపు రాశాడు. ఫిజా గంటసేపూ తీసింది.

ఆ సాయంత్రం నాలుగింటికి ఫిజా మనోజ్ఞని తన బల్ల దగ్గరికి పిలిచింది. తెర మీద అనీస్ చెయ్యి పెద్దదిగా కనిపిస్తోంది. 'ప' తలకట్టు దగ్గర కుంచె ఆగింది, కదిలింది. గీత అంచు రంపపు పళ్లలా వచ్చింది.

"కెమెరా కదిలిందేమో," అంది మనోజ్ఞ.

"బల్ల చూడక్కా. బల్ల కదల్లేదు. పక్కనున్న రంగు సీసా కదల్లేదు." ఫిజా ఆ ముక్కని మళ్లీ వెనక్కి తిప్పింది. "చెయ్యి ఒక్కటే."

వాళ్ల వెనక ఎవరో ఊపిరి వదిలిన చప్పుడైంది. అనీస్ నిలబడి ఉన్నాడు.

"ఎనిమిది నెలలైంది," అన్నాడు. దాచిపెట్టిన తప్పు దొరికినవాడిలా కాదు, అలసిపోయినవాడిలా అన్నాడు. "గుంటూరులో ఇద్దరు డాక్టర్లకి చూపించాను. తగ్గదన్నారు. పెరగకుండా మందులిచ్చారు. పెద్దగా రాసుకుని స్కాన్ చేసి, మీరు భోజనాలకి వెళ్లినప్పుడు కంప్యూటర్లో అంచులు సరిచేసుకుంటున్నాను. మా నస్రత్‌కి తప్ప ఎవరికీ తెలియదు."

నస్రత్ ఆయన భార్య. మనోజ్ఞ తెర వైపే చూసింది. ఆ చెయ్యి ఆగడం, ఊపిరి బిగబట్టి మళ్లీ కదలడం, వంకర పోబోయిన గీతని ఆఖరి క్షణంలో తిప్పి దారిలో పెట్టడం, అదంతా చూస్తే ఒక్క పేరుకి మూడు వారాలు ఎందుకు పడుతుందో ఎవరికైనా తెలుస్తుంది.

"ఆ ముక్క తీసెయ్యమ్మా," అన్నాడు అనీస్. "ఈ చెయ్యి చూస్తే జయదేవ్ బాబు రేపే ఇంటికి పంపిస్తాడు."

"తీసేస్తామండీ," అంది మనోజ్ఞ.

తీసేశారు. చెయ్యి ఉండాల్సిన చోట కంప్యూటర్ తెర పెట్టారు. కాగితం మీద అక్షరాన్ని స్కాన్ చేయడం, దాని చుట్టూ చుక్కలు పెట్టడం, ఒక్కో చుక్కని లాగి వంపుని సరిచేయడం ఫిజా తీసింది. వీడియో వెనక వినిపించే మాట మనోజ్ఞ చెప్పింది. స్కూల్లో వెనక బెంచీ పిల్లలకి కూడా అర్థమయ్యేలా చెప్పిన గొంతు ఆమెది. "ముందు కాగితం మీద రాస్తాం. తర్వాత స్కాన్ చేస్తాం. ఇక్కడి నుంచి అక్షరానికి తుదిరూపం కంప్యూటర్లోనే వస్తుంది" అంటూ ఒకటి తర్వాత ఒకటి విడమరిచి చెప్పింది. విన్నాక ఆమెకే ముచ్చటేసింది.

రెండో భాగం రంగు గురించి. దానికోసం ముగ్గురూ యడ్లపాడు దగ్గర మిరపకాయలు ఎండబోసిన కల్లానికి వెళ్లారు. బసవమ్మ అనే ముసలామె రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతోంది. ప్యాకెట్టు మీదికి సరైన ఎరుపు కోసం వచ్చామని ఫిజా చెబితే ఆమెకి నవ్వొచ్చింది.

"ఏ రోజు ఎరుపు కావాలి నీకు? కోసిన రోజుదొకటి, మూడోనాటిదొకటి, ఎండి గలగలమన్నాక వచ్చేది ఇంకోటి. వాన పడితే నలుపే, ఇక ఏమీ ఉండదు."

"మూడింట్లో ఏది మంచిదమ్మా?" అని అడిగాడు అనీస్.

"అమ్ముడుపోయేది మంచిది," అంది బసవమ్మ.

అనీస్ ఆ రోజు కల్లంలో మోకాళ్ల మీద కూర్చుని, కాయల పక్కన కాగితం పెట్టి, ఎరుపులో పసుపు చుక్క చుక్కగా కలుపుతూ పన్నెండు మచ్చలు వేశాడు. మచ్చ వేయడానికి చెయ్యి కుదురుగా ఉండనక్కర్లేదు. తిరిగి వస్తూ ఆటోలో ఆయన పాత సంగతులు చెప్పాడు. తండ్రి జాన్ బాషా నిచ్చెన మీద నిలబడి గోడ మీద మనిషంత అక్షరాలు రాసేవాడట, తను కింద రంగు డబ్బా పట్టుకునేవాడట. మనోజ్ఞకి ఆ ఒక్క రోజు ఏదో మంచి జరగబోతోందనిపించింది.

సిరీస్ విడుదల ఒక గురువారం పొద్దున ప్యాకింగు షెడ్డులోనే పెట్టారు. అరగంటపాటు మెషీన్లు ఆపారు. అట్టపెట్టెల మీద తెల్లదుప్పటి కట్టి ప్రొజెక్టర్ పెట్టారు. అనీస్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నస్రత్ కూడా బస్సెక్కి వచ్చి మనోజ్ఞ పక్కన కూర్చుంది. మొదటి రెండు భాగాలూ వేయడానికి జయదేవ్ బటన్ నొక్కాడు. బసవమ్మ మాటలకి ప్యాకింగు ఆడవాళ్లు పగలబడి నవ్వారు. అయిపోయాక చప్పట్లు కొట్టారు.

"మీ చెయ్యి ఎక్కడా చూపించలేదేం?" అని నస్రత్ మెల్లగా భర్తని అడిగింది.

"అవసరం లేదులే," అన్నాడు అనీస్.

వారంలో మొదటి భాగాన్ని మూడు వందల చిల్లర మంది చూశారు. అందులో సగం మిల్లులో పనిచేసేవాళ్ల చుట్టాలు. కామెంట్లలో ఒకరు కిలో ఎంత అని అడిగారు. ఒకరు కావలిలో డీలర్‌షిప్ ఇస్తారా అని అడిగారు. ఒకరు మ్యూజిక్ బాగుందన్నారు. ఫిజా రోజుకి పదిసార్లు తెరిచి చూసుకునేది. మనోజ్ఞ మొదటి నాలుగు రోజులు చూసి మానేసింది.

అయితే తను చూడాలనుకున్న మనిషి చూశాడు. జయదేవ్ తండ్రి పోయాక మొదటిసారి మేడ మెట్లెక్కి వచ్చాడు.

"మూడుసార్లు చూశానండీ. మీ పని ఇప్పుడు అర్థమైంది నాకు. చాలా క్లియర్‌గా చెప్పారు," అన్నాడు. గది చుట్టూ చూశాడు. "నాన్నగారి కాలం నుంచి అనీస్ గారు రాసినవన్నీ ఇక్కడే ఉన్నాయా? చెద పడితే పోతాయి. అన్నీ స్కాన్ చేసి భద్రం చేద్దాం."

అనీస్ ముఖం వెలిగింది. ఇనుప బీరువాలోంచి కాగితాల కట్టలు ఆయనే స్వయంగా దించాడు. ఏ సంవత్సరం ఏది రాశాడో, జానకిరామయ్యగారు ఏ అక్షరాన్ని ఎన్నిసార్లు వెనక్కి పంపారో ఒక్కోటీ తీస్తూ చెప్పాడు. పదకొండు రోజులు స్కాన్ చేశారు. దాన్నే మూడో భాగంగా తీశారు. ఆ పదకొండు రోజులూ ఆయన సంతోషంగా ఉన్నాడని మనోజ్ఞకి తర్వాత గుర్తొచ్చినప్పుడల్లా మరింత బాధేసేది.

నాలుగో భాగం మొదలుపెట్టే రోజు జయదేవ్ ఆమెని కిందికి పిలిచాడు. బల్ల మీద ఒక ప్రింటు కాగితం ఉంది. దాని నిండా తెలుగు అక్షరమాల. చూడగానే అనీస్ చేతిరాత అనుకుంది. కాదు.

"హైదరాబాదులో ఒక ప్రకటనల ఏజెన్సీ వాళ్లు చేశారు. ఎర్రకల్లం ఫాంటు. మనం పంపిన స్కాన్‌లతోనే," అన్నాడు జయదేవ్. "ఇక ఎవరు టైపు చేసినా అనీస్ గారి అక్షరమే వస్తుంది. ప్యాకెట్లు, మాటలు, వీడియోలు అన్నీ వాళ్లే చూసుకుంటారు. అనీస్ గారూ ఫిజా గారూ ఈ నెలాఖరు వరకూ ఉంటారు. మీరు ఉండండి. ఏజెన్సీ వాళ్లతో మాట్లాడటానికి ఇక్కడ ఒకరు కావాలి."

"సార్, ఫాంటు వేరు, మనిషి రాయడం వేరు."

జయదేవ్ వాదించలేదు. ఫోన్లో మొదటి భాగం తీసి ఆ చోటు పెట్టాడు. మనోజ్ఞ గొంతే వినిపించింది. ఇక్కడి నుంచి అక్షరానికి తుదిరూపం కంప్యూటర్లోనే వస్తుంది.

"చేత్తో చేసేది మొదటి స్టెప్పు ఒక్కటే కదండీ. మీరే చెప్పారు. నేను వేరేగా అర్థం చేసుకున్నానా?"

చెయ్యి లేకపోతే ఏదీ లేదని చెప్పబోయింది. నోటి దాకా వచ్చింది. అలా అంటే ఆ చెయ్యి చూపించమంటాడు. చూపిస్తే ఇన్నాళ్లూ దాచిన సంగతి బయటపడుతుంది. దాచినందుకు ఆ మనిషి తల దించుకుని వెళ్లాల్సి వస్తుంది. ఎటు తిరిగినా నెలాఖరే.

"లేదు సార్. సరిగానే అర్థం చేసుకున్నారు," అంది.

ఆ కాగితం పట్టుకుని మేడ మీదికి వెళ్లి ఇద్దరికీ చెప్పింది. ఫిజా కాసేపు కిటికీలోంచి రోడ్డు మీద పోయే పత్తి లారీలు చూస్తూ నిలబడి, తర్వాత అడిగింది.

"ఆ రోజు చెయ్యి ఉంచేసి ఉంటే ఇలా అయ్యేది కాదేమో కదక్కా?"

దానికి జవాబు అనీసే చెప్పాడు. "ఉంచితే ఆ రోజే అయ్యేది ఫిజా. ఈ నాలుగు నెలలూ కలిసొచ్చాయి."

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఫాంటు కాగితాన్ని పైనుంచి కింది దాకా చూశాడు. "నావే," అన్నాడు. వేలు ఒకచోట ఆపాడు. "కల్లం అన్నప్పుడు ల ఒత్తు వెళ్లి సున్నకి తగులుతోంది చూడమ్మా. నేనైతే సున్నని కాస్త పక్కకి జరిపి రాస్తాను. వాళ్లకి చెప్పు."

నెలాఖరున జయదేవ్ షెడ్డులో అందరి ముందూ ఆయనకి శాలువా కప్పాడు. మా నాన్నగారికి మీరు కుడిభుజం అన్నాడు. మనసులోంచే అన్నాడు. ఫిజాకి మంచి సర్టిఫికెట్టు రాసిచ్చాడు. మధ్యాహ్నం వాళ్లిద్దరూ ఒకే బస్సులో చిలకలూరిపేట వెళ్లిపోయారు.

ల ఒత్తు సంగతి మనోజ్ఞ ఏజెన్సీకి మెయిల్ రాసింది. నోట్ చేసుకున్నామని జవాబొచ్చింది. రెండోసారి బొమ్మ గీసి పంపింది. మళ్లీ అదే జవాబు. కొత్త ప్యాకెట్లు అచ్చయి వచ్చేసరికి ఒత్తు సున్నకి తగిలే ఉంది. దూరం నుంచి చూస్తే ఆ రెండూ కలిసి ఏ అక్షరమూ కాని ముద్దలా కనిపిస్తున్నాయి. ఆమె గుంటూరు అరండల్‌పేటలో ఒక దుకాణం ముందు కావాలని కాసేపు నిలబడింది. జనం వచ్చారు, ఎర్రకల్లం అడిగారు, పట్టుకెళ్లారు. ఎవరూ ప్యాకెట్టు వైపు చూడలేదు. కొత్త ప్యాకెట్లు వచ్చిన మూడు నెలల్లో అమ్మకాలు కాస్త పెరిగాయి కూడా. తను ఒకప్పుడు అలాంటి తప్పు చూసి ఉత్తరం రాసింది కదా, ఇప్పుడు ఎవరైనా రాస్తారేమోనని వచ్చే టపా అంతా వెతికేది. ఎవరూ రాయలేదు.

ఫిజా ఒంగోలులో పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలో చేరింది. మొదట్లో రోజూ మెసేజ్ పెట్టేది. తర్వాత పండగలకి పెట్టేది.

ఒక ఆదివారం మనోజ్ఞ చిలకలూరిపేటలో అనీస్ ఇంటికి వెళ్లింది. స్పిన్నింగు మిల్లు వెనక వీధి. నస్రత్ టీ ఇచ్చి, మొగుడి గ్లాసు మాత్రం సగమే పోసి అందించింది. నిండా పోస్తే ఒలుకుతుంది.

"మొన్న బ్యాంకులో సంతకం కలవలేదన్నారమ్మా," అంది నస్రత్. "మూడుసార్లు పెట్టించారు. చివరికి వేలిముద్ర వేయించారు."

"వాళ్ల తప్పేముంది, కలవకపోతే?" అన్నాడు అనీస్. "నువ్వు అక్కడే ఉండమ్మా. మానెయ్యకు. ఎవరో ఒకరు చూసేవాళ్లు ఉండాలి."

చూసి ఏం చేస్తున్నానని ఆమె అడగలేదు. పచ్చడి సీసాలు కొత్తవి రెండు తెచ్చింది, బల్ల మీద పెట్టింది. ఆయన వాటి వైపు ఒకసారి చూశాడు.

ఆ తర్వాతి వారం ఏజెన్సీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. పేరు జ్యోతిర్మయి, మర్యాదగా మాట్లాడింది. 'మేడ మీద' మూడు భాగాలతో ఆగిపోయింది కదా, డీలర్లకి అలాంటివి నచ్చుతున్నాయట, మిగిలిన మూడూ హైదరాబాదు స్టూడియోలో తీస్తున్నారట. పొడవాటి గది సెట్టు వేశారు. ముగ్గురు నటుల్ని తీసుకున్నారు. ఒక పెద్దాయన, ఒక మేడమ్, ఒక అమ్మాయి.

"డైలాగులు మీరు రాస్తే సహజంగా ఉంటాయని జయదేవ్ సార్ చెప్పారండీ. ముందు ఆ పెద్దాయనకి రెండు వాక్యాలు కావాలి. ఇన్నేళ్లుగా అక్షరాలు ఎందుకు రాస్తున్నారని అడిగితే ఆయన ఏమంటారు? కొంచెం మనసుకి తగిలేలా."

మనోజ్ఞ కాగితం ముందు పెట్టుకుని గంట కూర్చుంది. గదిలో రెండు బల్లలు ఖాళీ. చివరికి అనీస్‌కే ఫోన్ చేసి, దేనికోసమో దాచకుండా చెప్పి, అదే ప్రశ్న అడిగింది.

ఫోన్లో ఆయన వెనక మిల్లు చప్పుడు వినిపిస్తోంది.

"నాకు తెలియదమ్మా," అన్నాడు. "జానకిరామయ్యగారు రాయమన్నారు, రాశాను. అంతకుముందు మా నాన్న రాయమన్నాడు, రాశాను. నువ్వే ఏదో ఒకటి రాసెయ్యి. నీకు మాటలు వచ్చు కదా."

"మీరు ఏమీ అనుకోరు కదండీ?"

"ఏమనుకుంటాను," అన్నాడు అనీస్. నస్రత్ మందుల వేళయిందని పిలుస్తుంటే ఉంటానమ్మా అని పెట్టేశాడు.

మనోజ్ఞ రాసింది: "అక్షరమే నా ప్రాణం. నేను పోయినా నా అక్షరం బతికి ఉండాలి." అనీస్ నోట ఇలాంటి మాట పదకొండేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. తప్పులేమైనా ఉన్నాయేమోనని అలవాటుగా ఒకసారి చూసుకుని పంపించింది.

పది నిమిషాల్లో జవాబొచ్చింది. చాలా బాగుంది మేడమ్, ఇలాంటివే ఇంకో నాలుగు పంపండి, రేపు షూటింగు.

ఆమె కొత్త కాగితం తీసుకుని ఇంకో నాలుగు రాసింది.